గృహప్రతిష్ఠ అయింది, మేస్త్రీ లెక్క మిగిలింది

రేగడినేల | ఏప్రిల్ 5, రాత్రి 9:40

అందరికీ వందనాలు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఇల్లు కట్టుకుని గృహప్రతిష్ఠ చేసి ఏడాది దాటింది. కట్టేటప్పుడు ఏ సిమెంటు, ఎన్ని ఎంఎం కమ్మీ అని మిమ్మల్ని ఎంత విసిగించానో నాకు గుర్తుంది. ఇప్పుడు తీరిగ్గా, ఆ ఇల్లు నాకేం నేర్పిందో రాద్దామనిపించింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. నా పెళ్ళి మూడు రోజుల్లో అయిపోయింది. ఇల్లు పది నెలలు నన్ను తోమిపెట్టింది.

150 గజాల స్థలం, నాన్నగారు పోయేముందు నా పేర రాసిచ్చారు. 2023 ఏప్రిల్లో పునాది ప్రార్థన. అయ్యగారు కీర్తన 127 చదివారు, యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవాళ్ళ ప్రయాస వ్యర్థమని. ఆ మాటే గేటు పక్కన గ్రానైట్ పలక మీద చెక్కించాను. అంచనా 28 లక్షలు, తేలింది 37. పీఎఫ్ లోను, బ్యాంకు లోను, ఆఖరికి మా ఆవిడ మెడలో పుస్తెలు తప్ప మిగతావన్నీ తాకట్టుకి వెళ్ళాయి.

స్లాబు రోజు పొద్దున ఆరింటికే మబ్బు కమ్మేసింది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, ముప్ఫై మంది కూలీలు తట్టలు అందుకుంటున్నారు, మా దగ్గరున్నవి నాలుగే నాలుగు టార్పాలిన్లు. అంత టెన్షన్ నా జన్మలో పడలేదు. ఆ రోజు నేను చేసినంత ప్రార్థన ఉపవాస కూడికల్లో కూడా చేసి ఉండను. సాయంత్రం నాలుగింటికి చివరి తట్ట పడి, చెక్కబద్దతో సాపు చేసి, పట్టాలు కప్పాక చినుకు మొదలైంది. మేస్త్రీ ఆకాశం వంక చూసి నవ్వాడు.

మర్నాటి నుంచి మా అమ్మ డ్యూటీ. స్లాబు మీద గట్లు పోసి మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టాం. 68 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం నిచ్చెన ఎక్కి పైపు పట్టేది. ఒక్క మడి ఆరినట్టు కనిపిస్తే మాకు తిట్లే. ఆదివారం కూడా మడి తడిపాకే గుడికి వచ్చేది, రెండో పాట అయ్యాక. విశ్వాసమూ అంతే, రోజూ తడపాలి అని అప్పుడు అర్థమైంది.

చిన్న చింత ఒకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ కుండపోత తర్వాత కిటికీల మూలల నుంచి గోడలకు ఏటవాలుగా పగుళ్ళొచ్చాయి. మేస్త్రీకి ఇవ్వాల్సిన 45 వేలు అందుకే ఆపాను. మిగతాదంతా దేవుని కృప. మీ ఇళ్ళు మీకు నేర్పినవి కూడా రాయండి.

కోయిర్_ఆంటీ | ఏప్రిల్ 5, రాత్రి 10:15

వందనాలు బాబూ. మీ అమ్మగారికి నా ప్రత్యేక వందనాలు చెప్పు. రెండో పాట అయ్యాక వచ్చినా ఫరవాలేదు, ఆవిడ మొదటి పాట స్లాబు మీద పాడి వచ్చారు.

పిట్టగోడ కట్టించావా? ఎందుకడుగుతున్నానంటే, డబ్బులు అయిపోయాయని మనవాళ్ళు ముందు ఆపేసేది అదే. బైబిల్లో ఇల్లు కట్టేవాడికి సూటిగా చెప్పిన పని అది. ద్వితీయోపదేశకాండం 22:8. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తం నీ ఇంటి మీద ఉంటుంది అని. గుమ్మం మీద వచనం ఉందా అని కాదు దేవుడు అడిగింది, ఎదురింటి పిల్లాడు గాలిపటం ఎగరేస్తూ వెనక్కి నడిస్తే ఆపడానికి గోడ ఉందా అని.

రేగడినేల | ఏప్రిల్ 5, రాత్రి 10:22

లేదు ఆంటీ. ప్రస్తుతానికి ఇనుప చువ్వలు వదిలేశాం. ఎలివేషన్ దగ్గర, అంటే ఇంటి ముందు వైపు అలంకరణకి, ఖర్చు ఎక్కువైపోయింది.

మేస్త్రీకొడుకు | ఏప్రిల్ 6, ఉదయం 7:05

అన్నా, మా నాన్న తాపీమేస్త్రీ, నేను సివిల్ చదివి విశాఖలో పనిచేస్తున్నాను. పాఠాల సంగతి తర్వాత, ముందు కొన్ని ప్రశ్నలు. పునాది ఎంత లోతు తీశారు? అడుగున ఏం తగిలింది? పగుళ్ళు వానాకాలం తర్వాత అలాగే ఉన్నాయా, ఎండాకాలం మారాయా? పైకప్పు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి?

ఇంకోటి, అమ్మగారు చేసింది చాలా గొప్ప పని. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. మామూలు ఓపీసీ సిమెంటుకైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు తడపాలని మన దేశపు కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెబుతుంది. ఆవిడ కోడు చదవకుండానే పదిహేను చేశారు.

రేగడినేల | ఏప్రిల్ 6, రాత్రి 8:50

తమ్ముడూ, ఐదడుగులు తీశాం. అంతా నల్లరేగడే. ఇంజినీరు ఇంకా కిందికి వెళ్ళాలన్నాడు, లేదా ఏవో పైల్స్ వేయాలన్నాడు. లక్షన్నర పైనే అదనం అవుతుందని వద్దన్నాను. ఏప్రిల్ నెల కదా, గడ్డపార వేస్తే ఖంగుమనేది. రాయిలా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. పగుళ్ళు చలికాలంలో సన్నబడ్డాయి, మళ్ళీ మార్చి నుంచి విప్పుకుంటున్నాయి. పైకప్పు గొట్టం వంటింటి మూల దగ్గర నేల మీదికే వదిలాం. అన్నట్టు ఆ వంటిల్లు మొదట ప్లానులో వాయవ్యంలో ఉండేది, బావమరిది పోరు పడలేక ఆగ్నేయానికి జరిపాం. రెండు పిల్లర్లు మారాయి.

వాక్యమే_చాలు | ఏప్రిల్ 6, రాత్రి 9:10

బ్రదర్, తేలిపోయింది. గ్రానైట్ మీద 127వ కీర్తన, వంటింట్లో వాస్తు. రెండు పడవల మీద కాళ్ళు. పగుళ్ళు రాకేం చేస్తాయి?

టైల్స్_బాబాయ్ | ఏప్రిల్ 6, రాత్రి 9:31

నేను మీ మతం కాదు బాబూ, ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళల్లో టైల్స్ వేస్తున్నాను. వాస్తు చూసిన ఇళ్ళల్లో పగుళ్ళు చూశాను, చూడని ఇళ్ళల్లోనూ చూశాను. రేగడి నేలకు ఆగ్నేయం, వాయవ్యం తెలియవు. నీళ్ళు తెలుసు.

ఇందాకటి నుంచి నాకు గుచ్చుకుంటున్నది ఆ 45 వేలు. ఇంజినీరు లోతుకి వెళ్ళమన్నాడు, ఓనరు వద్దన్నాడు, మేస్త్రీ చెప్పిన లోతులో కట్టాడు. మరి డబ్బులు మేస్త్రీవి ఎందుకు ఆగాయి?

మేస్త్రీకొడుకు | ఏప్రిల్ 6, రాత్రి 10:02

బాబాయ్ చెప్పాల్సింది చెప్పేశాడు. నేను మట్టి సంగతి చెబుతాను.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇల్లు దాని మీద కూర్చుంటే ఏటా రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలినట్టు లేస్తుంది, దిగుతుంది. అన్ని వైపులా ఒకేలా లేస్తే గొడవే లేదు. మీ గొట్టం నీళ్ళు ఒక్క మూలనే పడుతున్నాయి కాబట్టి ఆ మూల ఒక లెక్క, మిగతా ఇల్లు ఒక లెక్క. కిటికీ మూలలు గోడలో బలహీనమైన చోటు, అక్కడి నుంచి ఏటవాలుగా చీలుతుంది. ఋతువును బట్టి పగులు సన్నబడి మళ్ళీ విప్పుకుంటోందంటే ఇది నాసిరకం పని కాదు, నేల కదలడం. ఇంజినీరు చెప్పినవి అండర్ రీమ్డ్ పైల్స్ అయి ఉంటాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, సీబీఆర్ఐ వాళ్ళు ఇలాంటి నేలల కోసమే తయారుచేసిన పద్ధతి. పది పన్నెండు అడుగుల లోతుకి బోరు తీసి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఎండా వానా అందని పొరలో ఇల్లు పట్టు దొరకబుచ్చుకుంటుంది.

మా నాన్న ఒక మాట అనేవాడు, ఎండాకాలం రేగడిని చూసి పునాది వేసేవాడు, పెళ్ళిచూపుల్లో కోపం లేదని సంబంధం ఖాయం చేసుకునేవాడు ఒకటే అని. యేసు చెప్పిన బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు ఉపమానం మనందరికీ నోటికొచ్చు. కానీ ఏప్రిల్లో రేగడి కూడా బండలాగే మోగుతుందన్నా. మత్తయి సువార్తలో లేనిది లూకా సువార్తలో ఒక ముక్క ఉంది, 6:48, లోతుగా తవ్వి అని. నాకు ఆ ఉపమానంలో ఇంజినీరింగ్ అంతా ఆ రెండు మాటల్లోనే కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సినవి: గొట్టం మార్చి నీళ్ళు ఇంటికి దూరంగా వెళ్ళేలా చూడండి. ఇంటి చుట్టూ మూడడుగుల సిమెంటు అరుగు, బయటికి వాలు ఉండేలా. పగులు కొస దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి, పుట్టీ పూసి కప్పేయకండి.

డల్లాస్_తమ్ముడు | ఏప్రిల్ 7, ఉదయం 6:48

ఈ రేగడి కథ చదివి నవ్వొచ్చింది. గుంటూరు వదిలి ఇంత దూరం వస్తే ఇక్కడా అదే మట్టి. ఉత్తర టెక్సస్ అంతా ఉబ్బే బంకమట్టే. ఎండాకాలం జనం ఇంటి చుట్టూ సోకర్ హోస్, అంటే పొడుగునా నీళ్ళు ఊరే గొట్టం, పరిచి పునాదికి నీళ్ళు పెడతారు, మొక్కలకు పెట్టినట్టు. తడి ఎప్పుడూ ఒకేలా ఉంటే నేల కదలదని.

మా ఇల్లు బిల్డరు కట్టిందే, ఫ్రిస్కోలో. ఇక్కడ గోడలంటే చెక్క చట్రం, దాని మీద జిప్సం బోర్డు. బోర్డు బిగించే ముందు ఒక శనివారం మా ప్రార్థన గుంపు వాళ్ళు వచ్చి ఆ చెక్కల మీద మార్కర్లతో వచనాలు రాశారు. మా పాప గది గుమ్మం పక్క చెక్క మీద మా నాన్న వీడియో కాల్లో చెబుతుంటే నేను రాశాను, "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని. రాజమండ్రిలో రాత్రి పదకొండున్నర, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. సోమవారం బోర్డులు బిగించేశారు. ఇక అవి ఎవరికీ కనిపించవు. ఒక్కోసారి పాపని నిద్రపుచ్చుతూ ఆ గోడ మీద చెయ్యి వేసి ఉంచుతాను.

ఆ బోర్డులు బిగించింది మెక్సికో నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. నూరు డిగ్రీల ఎండ, అంటే మన లెక్కలో 38. మేం వచనాలు రాసి ఫొటోలు దిగాం, వాళ్ళకు మంచినీళ్ళ సీసా కూడా ఇవ్వలేదు. 45 వేల సంగతి చదివాక గుర్తొచ్చింది.

వాక్యమే_చాలు | ఏప్రిల్ 7, ఉదయం 9:20

అందరూ ఆ బ్రదర్‌నే ఆడిపోసుకుంటున్నారు. పనిలో లోపం ఉందని ఆయన నమ్మాడు, డబ్బు ఆపాడు. మనం కష్టపడి సంపాదించుకున్నది దేవుడిచ్చిన గృహనిర్వాహకత్వం, జాగ్రత్తగా చూసుకోమని అప్పగించిన సొమ్ము. సరిగ్గా చేయనివాడికి ధారపోయమని ఎక్కడుంది?

టైల్స్_బాబాయ్ | ఏప్రిల్ 7, ఉదయం 9:34

మీ గ్రంథంలో ఏముందో నాకు తెలీదు బాబూ. మా కూలీలకు శనివారం సాయంత్రం చేతిలో డబ్బు పడాలి, ఆదివారం కూర వండుకోవాలి. అది నాకు తెలుసు.

కోయిర్_ఆంటీ | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2:10

ఉంది బాబూ, మా గ్రంథంలోనూ అదే ఉంది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అని లేవీయకాండం 19:13. యిర్మీయా 22:13 ఇంకా ఘాటు. అన్యాయం చేత ఇల్లు కట్టించి, జీతం ఇవ్వకుండా పొరుగువాడితో పని చేయించుకునేవాడికి శ్రమ అంటాడు. రాజుతో అన్న మాట అది. ఆ రాజుకీ విశాలమైన గదులు, దేవదారు పలకలు, ఎర్ర రంగు కావాల్సి వచ్చాయి. అంటే ఆ కాలపు ఎలివేషన్.

కానీ నేను ఎవరికీ వేలు చూపించను. మా వారు పాస్టరుగా ఉన్నప్పుడు మా ఊళ్ళో గుడి కట్టాం. చివర్లో మేస్త్రీకి కొంత బాకీ పడ్డాం. కమిటీ పెద్దలు ఏమన్నారో తెలుసా, దేవుని పని కదా, తగ్గించుకో అని. అతను మన సంఘం కూడా కాదు. ఏమీ అనలేదు, తాపీ, మట్టపు బద్ద సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పదహారేళ్ళు ఆ గుడిలో పాటలు పాడించాను. పునఃప్రతిష్ఠ రోజున దాతల పేర్లు చదివారు, ఫ్యాన్ ఇచ్చినవాళ్ళ పేరుతో సహా. అతని పేరు ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు.

మెదక్_పిల్ల | ఏప్రిల్ 7, రాత్రి 8:05

ఆంటీ, మీ మాట చదివి మా అమ్మకు వినిపించిన. మాది మెదక్. చిన్నప్పటి సంది మా చర్చి గురించి ఒక్కటే మాట చెప్పేటోళ్ళు, ఇది కరువుల పుట్టిన గుడి అని. 1914లో మిషనరీ పోస్నెట్ దొర పని మొదలుపెట్టిండు. కూలికి వస్తే జనానికి తిండి దొరుకుతదని కట్టించిండు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. టూరిస్టులు వచ్చి 173 అడుగుల గోపురం, రంగు అద్దాల కిటికీలు చూసి పోతరు. మా తాత మాత్రం అంబలి గంజుల గురించే చెప్పేటోడు.

ఇప్పుడు అమ్మకు ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. ఐదు లక్షలు, విడతల లెక్కన పడతయి. 400 చదరపు అడుగులకు తక్కువ కట్టొద్దు, 600 దాటొద్దు. బేస్‌మెంట్ అయింది, గోడలు లేస్తున్నయి. విడత పైసలు పడేదాకా మేస్త్రీని ఆగుమంటే ఆగుతున్నడు. అమ్మ ఒక్క పని చేస్తది. రోజూ పది గంటలకు వాళ్ళకు చాయ్, సర్వపిండి. పైసలు లేని ఇంటికాడ అంతకన్నా ఏం జేస్తం అంటది. పోయిన వారం మేస్త్రీ గూట్లో ఒక చిన్న అర అదనంగా కట్టిండు, అడగకుండనే. బైబిలు పెట్టుకోవే అక్కా అని.

వాక్యమే_చాలు | ఏప్రిల్ 7, రాత్రి 8:40

యిర్మీయా వచనం చూశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాస్తు మీద మాత్రం నా మాట అదే.

మేస్త్రీకొడుకు | ఏప్రిల్ 7, రాత్రి 8:52

ఉంచుకోండి సార్, అది మీ పిట్టగోడ.

సరదాకి ఒకటి. సొలొమోను మందిరానికి 7 ఏళ్ళు, సొంత ఇంటికి 13 ఏళ్ళు పట్టిందని రాజుల గ్రంథంలో పక్కపక్కనే రాసి ఉంటుంది. రాసినాయన ఏమీ వ్యాఖ్యానించలేదు. ఎలివేషన్ అనగానే నాకు అదే గుర్తొస్తుంది.

రేగడినేల | ఏప్రిల్ 8, రాత్రి 11:50

సాక్ష్యం రాద్దామని వస్తే కోర్టులో నిలబెట్టారు. కోపం వచ్చింది, దాచను. రెండు రోజులు రాయలేదు. ఎలివేషన్‌కి రెండు లక్షల పది వేలు, గేటుకి 85 వేలు అయ్యాయి. పునాది దగ్గర లక్షన్నర లేదన్నాను. పైన పటారం, లోన లొటారం. ఈ లెక్క ఇప్పటిదాకా ఒక కాగితం మీద వేసుకోలేదు, ఇవాళ వేశాను. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, కాగితం మడిచి బైబిల్లో పెట్టింది.

గృహప్రతిష్ఠ రోజు మేస్త్రీ వచ్చాడు. లోపల అయ్యగారు వాక్యం చెబుతుంటే అతను బయట షామియానా గుంజ దగ్గర నిలబడ్డాడు. భోజనాలయ్యాక, సార్ ఆ లెక్క, అన్నాడు. ఒక్క వానాకాలం చూద్దాం అన్నాను. అప్పటికి పగుళ్ళు లేవు. అంటే డబ్బు ముందు ఆపాను, కారణం తర్వాత దొరికింది.

కోయిర్_ఆంటీ | ఏప్రిల్ 9, ఉదయం 5:30

వెళ్ళు నాయనా. ఫోన్ చేయకు, వెళ్ళు.

రేగడినేల | ఏప్రిల్ 17, రాత్రి 9:15

నిన్న సాయంత్రం వెళ్ళాను. పక్క ఊరు, పదకొండు కిలోమీటర్లు. ఇన్ని ఇళ్ళు కట్టిన మనిషిది రేకుల ఇల్లు. గోడలకు గిలాబు కూడా లేదు. ఆయన లేడు, ఆవిడ పీట వేసింది. గంట కూర్చున్నాక సైకిల్ మీద వచ్చాడు. నన్ను చూసి, స్లాబు ఉరుస్తోందా సార్, అన్నాడు మొదట. డబ్బు గురించి వచ్చానని అనుకోలేదు.

45 వేలు ఒకేసారి సమకూరలేదు. 25 వేలు ఇచ్చి, మిగతా 20 వచ్చే నెల జీతం పడగానే అన్నాను. ఆలస్యం చేశాను, తప్పు నాదే అని కూడా అన్నాను. ఇది గ్రానైట్ మీద చెక్కించినంత తేలిగ్గా రాలేదు. ఆయన లెక్కపెట్టుకుని, 20 వద్దు, 17 ఇవ్వండి, హాల్లో సజ్జ పని నేను చేయలేదు, మూడు వేలు మీవే అన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఎగ్గొట్టిన మనిషి నాకు చిల్లర లెక్క చెబుతున్నాడు.

పొద్దున తనే వచ్చాడు. పగుళ్ళ మీద అరచెయ్యి ఆనించి చూశాడు, పశువుకి ఒళ్ళు కాలుతోందేమో చూసినట్టు. తమ్ముడు చెప్పిన గాజుముక్క సంగతి చెబితే, మా గురువు తడి సున్నం పూసేవాడు సార్, అదీ ఇదీ ఒకటే అన్నాడు. కిటికీ పక్కన పెన్సిలుతో ఆయనే గీత గీశాడు. తేదీ నన్ను వేయమన్నాడు, ఆయనకు రాయడం రాదు. పది నెలలు కలిసి పనిచేసినా నాకు ఆ సంగతి తెలియదు. ఆయనేమో స్లాబు రోజు అమ్మ ఎన్నిసార్లు మజ్జిగ ఇచ్చిందో ఇప్పటికీ చెబుతున్నాడు.

పిట్టగోడకు ఇటుకలు ఎన్ని కావాలో లెక్కకట్టి వెళ్ళాడు. మూడున్నర అడుగుల ఎత్తు చాలంటున్నాడు. ఈసారి కూలి ఏ వారానికి ఆ వారం అని అమ్మ ముందే చెప్పేసింది, నా వంక చూస్తూ.

గీత దగ్గర ఇప్పుడే టార్చ్ వేసి చూశాను. గాజు పగల్లేదు. వాన ఇంకా రాలేదు లెండి.

టైల్స్_బాబాయ్ | ఏప్రిల్ 17, రాత్రి 9:40

అంతా బాగుంది బాబూ. ఆ గొట్టం మార్చారా?